బళ్ళారి మీదుగా వెళ్ళిన విమానం: మన టికెట్ల వెనక తొంభై ఏళ్ళ కథ



పండగలు, వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, మన సంఘాల్లో అందరి నోటా ఒకే రకం ప్రశ్నలు. విమానం టికెట్ ఎన్నాళ్ళ ముందు కొనాలి? ఏ కంపెనీది కొనాలి? ఏజెంటు దగ్గరా, ఫోనులోనా? నిన్న మూడు వేలున్న టికెట్ ఇవాళ ఐదు వేలు ఎందుకైంది? ఒక్కో ప్రశ్నకు ఒక్కో చిట్కా చెప్పి ఊరుకోవచ్చు. కానీ చిట్కాలు ఏడాది తిరిగేసరికి పాతబడతాయి. టికెట్ మీద ఉండే ప్రతి నిబంధన వెనక ఒక కథ ఉంది. ఆ కథ తెలిస్తే చిట్కా మనమే తయారు చేసుకోగలం. అందుకే ఈసారి మేము చరిత్ర దగ్గర మొదలుపెడుతున్నాం. అందులో మన ఊళ్ళ పేర్లు అనుకున్నదానికంటే ఎక్కువే కనిపిస్తాయి.

ముందు మన సంగతి ఒక్క మాట. మనలో కొందరి పెద్దలు మగ్గం పట్టుకుని షోలాపూర్, భివండీ వెళ్ళారు. కొందరు మిల్లు పనికి, కట్టడం పనికి ముంబయి చేరారు. బరంపురం, బళ్ళారి, హొసూరు వాళ్ళు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉన్నారు, రాష్ట్రాల గీతలు వాళ్ళకు అటూ ఇటూ గీశారు. యానాం వాళ్ళకు చుట్టూ గోదావరి జిల్లా, రాజధాని మాత్రం ఎక్కడో పుదుచ్చేరిలో. ఎవరి కథ ఏదైనా, మనందరి చుట్టరికాలూ రైలు పట్టాల మీదే నిలబడ్డాయి. ముంబయి నుంచి భువనేశ్వర్ పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ దారి చూడండి: షోలాపూర్, సికింద్రాబాద్, విజయవాడ, విశాఖ, బరంపురం. ఒక్క రైలు మనలో సగం మందిని కలిపింది. విమానం మన బతుకులోకి వచ్చింది చాలా ఆలస్యంగా. కానీ విమానం మన నేల మీదికి చాలా ముందే వచ్చింది.

మనుషుల కంటే ముందు ఉత్తరాలు

1932 అక్టోబరు 15. జె.ఆర్.డి. టాటా ఒక చిన్న పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి ఉత్తరాల సంచులతో బయల్దేరి, అహ్మదాబాద్‌లో దిగి, మధ్యాహ్నానికి ముంబయి జుహూ మైదానంలో వాలాడు. అహ్మదాబాద్‌లో ఆ విమానానికి పెట్రోలు ఎడ్లబండి మీద డబ్బాల్లో వచ్చింది. జుహూ నుంచి ఆ సంచులను నెవిల్ విన్సెంట్ అనే పైలట్ అందుకుని మద్రాసు దాకా తీసుకెళ్ళాడు. మధ్యలో అతను దిగిన ఊరు బళ్ళారి.

అప్పటి బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలోది, దత్త మండలాల జిల్లా కేంద్రం. తెలుగు, కన్నడం రెండూ వీధిలో వినిపించే ఊరు. మన దేశపు మొదటి వాణిజ్య విమాన మార్గం పట్టికలో ఆ ఊరు పేరుంది. అది కొద్దిపాటి గౌరవం కాదు.

అయితే ఆ విమానం బళ్ళారి మనుషుల కోసం రాలేదు. ఇంగ్లండు నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తెచ్చిన ఉత్తరాలు కరాచీలో దిగేవి. వాటిని దక్షిణానికి చేర్చడమే టాటాల పని. సర్కారు సబ్సిడీ ఇవ్వలేదు. మోసిన ఉత్తరాల బరువును బట్టే డబ్బు. తర్వాతి ఏళ్ళలో ఆ దారిలో బళ్ళారి స్థానంలోకి హైదరాబాదు వచ్చింది. అంటే మొదటి రోజు నుంచే విమానం దారిని నిర్ణయించింది రాబడి. మన ఊరికి మనుషులు ఎక్కువున్నారు కాబట్టి ఫ్లైట్ ఉంటుందని అనుకోకూడదు. నడిపేవాడికి గిట్టుబాటైనంత కాలమే అది ఉంటుంది. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

దక్కన్ ఎయిర్‌వేస్, కళింగ ఎయిర్‌లైన్స్

స్వాతంత్ర్యం చుట్టుపక్కల ఏళ్ళలో మనవైపు రెండు కంపెనీలు పుట్టాయి. 1945లో నిజాం సర్కారూ టాటాలూ కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు బేగంపేట కేంద్రం. మన దేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్ ప్రేమ్ మాథుర్‌కు 1947లో ఉద్యోగం ఇచ్చింది ఈ కంపెనీయే. ఒడిశా వైపు బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ నడిపాడు. స్వయంగా పైలట్ అయిన ఆయన 1947లో ఇండోనేషియా నాయకుడు షహ్రీర్‌ను డచ్చివాళ్ళ కళ్ళుగప్పి విమానంలో తీసుకొచ్చిన కథ ఒడిశాలోని మన పెద్దలకు బాగా తెలుసు.

1953లో పార్లమెంటు ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం చేసింది. ఆగస్టు 1 నుంచి దేశంలోని విమాన కంపెనీలన్నీ సర్కారువే. దక్కన్, కళింగ సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. విదేశాలకు ఎయిర్ ఇండియా. సరిగ్గా రెండు నెలలకు, అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. బళ్ళారి తెలుగువాళ్ళకు ఆ ఏడాది ఆకాశం కూడా మారింది, నేల కూడా మారింది.

ఒకే ధర కాలం

ఆ తర్వాత నలభై ఏళ్ళు విమానం టికెట్ కొనడంలో తెలివితేటలకు పెద్ద పని లేదు. ధర సర్కారు నిర్ణయించేది. నెల ముందు కొన్నా ముందురోజు కొన్నా దాదాపు అదే డబ్బు. కార్బన్ పూసిన కూపన్ల పుస్తకం లాంటి టికెట్ పోగొట్టుకుంటే మళ్ళీ పెద్ద తంటా. సీటు లేకపోతే వెయిటింగ్ లిస్టు. కౌంటర్లో తెలిసినవాడుంటే పని తొందరగా అయ్యేది. మనవాళ్ళలో చాలామందికి ప్రశ్న ఒక్కటే: అంత డబ్బు పెట్టగలమా లేదా? ఎక్కువమంది జవాబు లేదనే. గల్ఫుకు పోయే కుర్రాళ్ళు జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది ముంబయి నుంచి, అదీ అప్పు చేసి.

ఈ కాలంలోనే ఒక చక్కటి ఏర్పాటు నడిచింది. 1949లో రాత్రి ఎయిర్ మెయిల్ మొదలైంది. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రి బయల్దేరి నాగపూర్‌లో కలుసుకునేవి. అక్కడ సంచులు మార్చుకుని ఎవరి ఊరికి వాళ్ళు తిరిగి వెళ్ళేవి. తెల్లారేసరికి ఉత్తరం చేరేది. నాలుగు ఊళ్ళ మధ్య ఆరు దారులు నడపాల్సిన చోట, నాలుగు విమానాలతో పని అయిపోయింది. నేడు హైదరాబాదు, బెంగళూరు, ముంబయి మీదుగా మనకు దొరికే కనెక్టింగ్ ఫ్లైట్లన్నిటికీ సూత్రం ఇదే.

ఆ సూత్రంలోని మెలిక కూడా నాగపూర్‌లోనే ఉంది. ఒక విమానం ఆలస్యమైతే మిగతావి దాని సంచుల కోసం ఆగాలి. ఆగాయంటే ఆ నాలుగూ ఒకే ఏర్పాటు కింద నడిచాయి కాబట్టి. మన టికెట్‌కూ ఇదే వర్తిస్తుంది. విశాఖ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి దుబాయి, రెండూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా మిమ్మల్ని చేర్చే బాధ్యత కంపెనీది. చవకని రెండు విడి టికెట్లు కొంటే, రెండో కంపెనీకి మీరు ఆలస్యంగా వచ్చిన మనిషి మాత్రమే; డబ్బు పోయినట్టే. మిగిలేది ఎనిమిది వందలైతే ఆ సాహసం వద్దు. విడివిడిగా కొనక తప్పకపోతే, దేశంలోపల కనీసం నాలుగు గంటలు, విదేశానికైతే ఇంకా ఎక్కువ వ్యవధి పెట్టుకోండి. వీలైతే ముందురోజే ఆ ఊరు చేరండి.

ఒకే విమానం, నూరు ధరలు

పక్క సీటాయన మూడు వేలిచ్చాడు, మనం ఏడు వేలిచ్చాం. ఇది ఎక్కడ మొదలైంది? అమెరికాలో.

అక్కడ కూడా 1978 దాకా ధరలు సర్కారు బోర్డు చేతిలోనే ఉండేవి. ఆ ఏడాది చట్టం మార్చి కంపెనీలకు వదిలేశారు. 1981లో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక కంపెనీ వచ్చి పెద్దవాళ్ళను వణికించింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అన్ని సీట్ల ధరా తగ్గిస్తే తనే మునిగిపోతుంది. అప్పటికే దాని దగ్గర ఐబీఎంతో కలిసి కట్టుకున్న సేబర్ అనే కంప్యూటర్ బుకింగ్ వ్యవస్థ ఉంది. ఏ ఫ్లైట్‌లో చివరికి ఎన్ని సీట్లు ఖాళీగా పోతాయో ఆ లెక్కలు చెప్పేవి. ఖాళీగా పోయే ఆ కొన్ని సీట్లకే చవక ధర పెట్టి, దానికి షరతులు కట్టింది: ముందుగా కొనాలి, డబ్బు వెనక్కి రాదు. చివరి నిమిషంలో వచ్చే వ్యాపారస్తుడికి పాత ధరే. 1985లో ఈ పద్ధతిని పూర్తిగా దించాక, రెండేళ్ళలోపే పీపుల్ ఎక్స్‌ప్రెస్ వేరేవాళ్ళకు అమ్ముడుపోయింది.

మన దేశంలో 1994 మార్చిలో పాత చట్టం రద్దయింది. అంతకు ముందే ఎయిర్ టాక్సీల పేరుతో ఈస్ట్ వెస్ట్, దమానియా, జెట్ ఎగరడం మొదలుపెట్టాయి. కానీ మామూలు మనిషికి తలుపు తెరిచింది 2003లో. కర్ణాటకకు చెందిన రిటైర్డ్ ఆర్మీ కెప్టెన్ గోపీనాథ్ పెట్టిన ఎయిర్ దక్కన్, ఆ ఆగస్టులో బెంగళూరు నుంచి హుబ్బళ్ళికి తొలి ఫ్లైట్ నడిపింది. టికెట్లు ఇంటర్నెట్‌లో, కాల్ సెంటర్లో, పెట్రోలు బంకుల్లో కూడా అమ్మింది. ఒక రూపాయి టికెట్ అని ప్రకటన ఇచ్చింది. ఒక్క రూపాయికి దొరికినవాళ్ళు కొద్దిమందే. కానీ రైల్లో ఏసీ టికెట్ కొనే మనిషి విమానం ధర కూడా ఒకసారి చూడటం అప్పటి నుంచే అలవాటైంది. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో అదే దారిలో వచ్చాయి.

ఈ కథ నుంచి మనకు పనికొచ్చేది ఏమిటంటే, ఫ్లైట్‌లో సీట్లన్నీ ఒక రాశి కాదు, గదులు గదులుగా ఉంటాయి. 180 సీట్ల విమానంలో ఒక గదిలో 15 సీట్లు 3,200 చొప్పున, పక్క గదిలో 25 సీట్లు 3,900 చొప్పున, ఇలా పైకి పోతాయనుకోండి. చవక గది నిండగానే తర్వాతి ధర కనిపిస్తుంది. మనం రెండుసార్లు వెతికామని పసిగట్టి పెంచారని చాలామంది అనుమానం. మామూలుగా జరిగేది మాత్రం ఈ గది నిండటమే.

ఇందులో నుంచి రెండు ఉపాయాలు పుడతాయి. ఒకటి: కుటుంబంలో ఐదుగురికి ఒకేసారి వెతికితే, చవక గదిలో మూడు సీట్లే ఉన్నప్పుడు చాలా సైట్లు ఐదుగురికీ పై గది ధరే చూపిస్తాయి. అందుకని ముందు ఒక్కరికి వెతికి ధర చూడండి, తర్వాత ఐదుగురికి చూడండి. తేడా బాగా ఉంటే ముగ్గురికి ఒక పీఎన్ఆర్, ఇద్దరికి ఒకటి కొనవచ్చు. పిల్లలనూ ముసలివాళ్ళనూ మాత్రం ఒక పెద్దమనిషి ఉన్న పీఎన్ఆర్‌లోనే ఉంచండి. రెండు: ఉదయం ఆఫీసు పనుల మీద పోయేవాళ్ళ ఫ్లైట్‌లో చవక గదులు చిన్నవి. మంగళ, బుధవారాల మధ్యాహ్నం ఫ్లైట్‌లో పెద్దవి. టికెట్ ఏ వారం కొన్నామన్నదాని కంటే, ఏ రోజు ఏ వేళ ప్రయాణిస్తున్నామన్నది ధరను ఎక్కువ మారుస్తుంది. సంక్రాంతికీ దసరాకూ మాత్రం గదులు ముందే నిండుతాయి. తేదీ ఖాయమైన పెళ్ళికీ పండగకూ రెండు మూడు నెలల ముందు కొనడమే మంచిది.

చూపించిన ధర, చెల్లించిన ధర

2013లో విమానయాన శాఖ కంపెనీలకు ఒక వెసులుబాటు ఇచ్చింది: ఇష్టమైన సీటు, భోజనం లాంటి వాటికి విడిగా డబ్బు తీసుకోవచ్చని. అప్పటి నుంచి మొదటి తెరమీద ధర వేరు, చివరి తెరమీద ధర వేరు. సీటు డబ్బు, కన్వీనియన్స్ ఫీజు, మనం అడగకుండానే టిక్కు పెట్టి ఉండే ఇన్సూరెన్సు. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఎప్పుడూ చివరి తెర దాకా వెళ్ళి పోల్చండి. సీటు ఎంచుకోకపోయినా చెకిన్‌లో ఏదో ఒక సీటు ఇస్తారు, అది లేకుండా విమానం ఎక్కనివ్వరన్న భయం వద్దు.

సామాను సంగతి మనకు ముఖ్యం. దేశంలోపల చవక టికెట్‌కు మామూలుగా 15 కిలోలు, చేతిలో 7 కిలోలు. ఊరి నుంచి బియ్యం, పచ్చళ్ళు, పిండివంటలు తెచ్చుకునే అలవాటు మనది. అదనపు కిలోలు కౌంటర్లో కంటే ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే చవక. మిరపకారం పచ్చడి చేతిసంచిలో పెట్టకండి, చెకిన్ సామానులో గట్టిగా కట్టి పెట్టండి. ఎండుకొబ్బరి మాత్రం తీసిపారేయిస్తారు. అందులో నూనె ఎక్కువ, నిప్పు అంటుకుంటుందని నిషేధం.

విమానాశ్రయం జరిగింది, లెక్క మారింది

2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు. మేలో బెంగళూరు పాత ఎయిర్‌పోర్టు మూసి దేవనహళ్ళి తెరిచారు. ఊరి నడుమనున్నవి ఊరి బయటికి పోయాయి. హొసూరు వాళ్ళకు బెంగళూరు ఎయిర్‌పోర్టు నగరానికి ఇవతల అంచు నుంచి అవతల అంచుకు మారిపోయింది. అందుకే టికెట్ ధరతో పాటు గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్క వేయాలి. ముంబయి నుంచి నిజామాబాద్ వెళ్ళే కుటుంబం శంషాబాద్‌లో దిగి మళ్ళీ మూడు నాలుగు గంటలు రోడ్డు మీద వెళ్ళాలి. నలుగురికి ఆ కారు ఖర్చు కలిపితే, రాత్రి రైలే నయం కావచ్చు.

బరంపురం వాళ్ళకు భువనేశ్వర్, విశాఖ రెండూ చూడటం అలవాటు కావాలి. యానాం వాళ్ళకు రాజమండ్రి దగ్గరి మధురపూడి దగ్గర, కానీ విశాఖ నుంచి ఫ్లైట్లు ఎక్కువ. ఒక్కోసారి వెళ్ళేది ఒక చోటు నుంచి, వచ్చేది ఇంకో చోటుకు కొంటే డబ్బూ కలిసొస్తుంది, తిరుగుడూ తగ్గుతుంది. గోవాకు 2023 నుంచి రెండు ఎయిర్‌పోర్టులు: దబోలిం, మోపా. ముంబయికి కూడా నవీ ముంబయి ఎయిర్‌పోర్టును 2025 అక్టోబరులో ప్రారంభించారు. టికెట్‌లో ఊరి పేరు చూసి సంతోషపడకుండా ఎయిర్‌పోర్టు పేరు చదవండి.

వచ్చిన ఫ్లైట్లు, పోయిన కంపెనీలు

2016లో ఉడాన్ పథకం వచ్చింది. చిన్న ఊళ్ళకు ఫ్లైట్ నడిపితే సర్కారు నష్టం పూడుస్తుంది, అందులో కొన్ని సీట్లకు గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి. 2017 ఏప్రిల్ 27న సిమ్లా ఫ్లైట్‌తో పాటు అదే రోజు మొదలైనవి రెండు: కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు. నాందేడ్‌లో మనవాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు. అదే ఏడాది బళ్ళారి దగ్గరి విద్యానగర్ నుంచి కూడా హైదరాబాదుకు ఫ్లైట్ వచ్చింది. 1932 తర్వాత బళ్ళారి గాలిలోకి మళ్ళీ హైదరాబాదు పేరు. ఈ మూడింటినీ నడిపింది హైదరాబాదు కంపెనీ ట్రూజెట్. 2022 నాటికి ఆ కంపెనీ ఆగిపోయింది. షోలాపూర్ నుంచి 2025లో గోవాకు ఫ్లైట్ మొదలైతే మన పద్మశాలి సోదరులు సంతోషించారు. సంతోషిద్దాం, వాడుకుందాం. కానీ ఉత్తరాల నాటి సూత్రం మర్చిపోవద్దు: సబ్సిడీ గడువు తీరాక ఆ దారి నిలబడుతుందా లేదా అన్నది రాబడి చెబుతుంది. అలాంటి ఫ్లైట్‌ను నమ్ముకుని ఆర్నెల్ల తర్వాతి పెళ్ళికి అందరి టికెట్లూ కొనకండి.

పెద్ద కంపెనీల చరిత్ర కూడా అంతే. 1990లలో వచ్చిన ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్ ఆ దశాబ్దం దాటలేదు. ఎయిర్ దక్కన్‌ను కలుపుకున్న కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగింది. ఇరవై ఐదేళ్ళు నడిచిన జెట్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. గో ఫస్ట్ 2023 మే మొదటి వారంలో ఆగింది. ప్రతిసారీ ముందే టికెట్ కొన్న జనం డబ్బు ఇరుక్కుపోయింది. ప్రతిసారీ ముందే సంకేతాలు కూడా కనిపించాయి: జీతాలు ఆగడం, విమానాలు నేలమీదే ఉండిపోవడం, పేపర్లో అప్పుల వార్తలు, ఉన్నట్టుండి భారీ డిస్కౌంట్ సేల్. అలాంటి కంపెనీలో వారం తర్వాతి ప్రయాణానికి కొనండి, నాలుగు నెలల తర్వాతి దానికి వద్దు. కొంటే క్రెడిట్ కార్డు మీద కొనండి. సేవ అందలేదని బ్యాంకుకు రాసి డబ్బు వెనక్కి అడిగే దారి ఉంటుంది. నగదు ఇస్తే ఆ దారి లేదు.

నేడు దేశంలో విమాన ప్రయాణికుల్లో చాలా పెద్ద భాగం రెండే గుంపుల చేతిలో ఉంది: ఇండిగో, 2022 జనవరిలో మళ్ళీ టాటాల చేతికి వెళ్ళిన ఎయిర్ ఇండియా. 1953లో వెళ్ళింది 2022లో తిరిగొచ్చింది. ఇద్దరే ఉంటే ఏమవుతుందో 2025 డిసెంబరులో చూశాం. పైలట్ల విశ్రాంతి నిబంధనలకు సరిపడా మనుషులు లేక ఇండిగో ఫ్లైట్లు వందలకొద్దీ రద్దయ్యాయి. మిగతా ఫ్లైట్ల ధరలు ఆకాశానికి పోయాయి. చివరికి సర్కారు 500 కిలోమీటర్ల లోపు 7,500, 1,000 కిలోమీటర్ల లోపు 12,000 అంటూ పరిమితి పెట్టాల్సి వచ్చింది. ముఖ్యమైన ప్రయాణానికి రైలు దారి కూడా మనసులో ఉంచుకోవాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన హక్కులు

ఇవి ఎవరి దయా కాదు, డీజీసీఏ నిబంధనలు. గడువులు, మొత్తాలు మధ్యమధ్య సవరిస్తుంటారు, కొనే రోజున ఒకసారి చూసుకోండి. ముఖ్యమైనవి ఇవి.

ప్రయాణానికి ఇంకా తగినన్ని రోజులుంటే, కొన్న తర్వాత నిర్ణీత గడువులోపు క్యాన్సిల్ చేసినా మార్చినా చార్జీ ఉండకూడదు. కంపెనీ సైట్‌లో కొన్న టికెట్‌లో పేరు అక్షరదోషం 24 గంటల్లో చెబితే ఉచితంగా దిద్దాలి. క్యాన్సిలేషన్ చార్జీ బేసిక్ ఫేరు, ఇంధన చార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. "నాన్ రిఫండబుల్" టికెట్‌లో కూడా పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు వెనక్కి రావాలి. చిన్న మొత్తమేనని వదిలేయకండి, కుటుంబమంతటికీ కలిపితే వేలల్లో ఉంటుంది.

కంపెనీ తన కారణంతో 24 గంటల్లోపు ఫ్లైట్ రద్దు చేస్తే, వేరే ఫ్లైటో పూర్తి రీఫండో ఇవ్వాలి. దానిపై నష్టపరిహారం కూడా: ప్రయాణ సమయం గంట లోపైతే 5,000, రెండు గంటల లోపైతే 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు, లేదా బేసిక్ ఫేరు, ఇంధన చార్జీ కలిపి ఎంతైతే అంత, రెంటిలో ఏది తక్కువైతే అది. పొగమంచు, తుఫాను లాంటివైతే పరిహారం రాదు, రీఫండ్ మాత్రం వస్తుంది. ఆరు గంటలు దాటే ఆలస్యమైతే వేరే ఫ్లైటో రీఫండో మనం ఎంచుకోవచ్చు. కంపెనీ వినకపోతే కేంద్ర విమానయాన శాఖ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టండి.

పేరు గురించి మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. మన ఇంటిపేరు ముందొస్తుంది. మహారాష్ట్రలో పుట్టిన పిల్లలకు నడుమ తండ్రి పేరు, చివర ఇంటిపేరు. తమిళనాడులో ఇంటిపేరు పోయి ఒక్క ఇనీషియల్ మిగులుతుంది. ఒకే ఇంట్లో తాతకు ఒక తీరు, మనవడికి ఒక తీరు. టికెట్ మీద పేరు మీ ఆధార్‌లోనో పాస్‌పోర్టులోనో ఉన్నట్టే ఉండాలి. ఇంట్లో అందరి పేర్లూ కార్డులో ఉన్న స్పెల్లింగుతో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. బుక్ చేసేవాళ్ళకు నోటితో చెప్పకుండా ఆ కాగితం పంపండి.

చావు కబురు వచ్చినప్పుడు

ఇదంతా రాసింది అసలు ఈ మాట కోసం. మనలో చాలామంది జీవితంలో అత్యంత ఖరీదైన టికెట్ పెళ్ళికి కొనేది కాదు. రాత్రి రెండు గంటలకు ఊరి నుంచి ఫోను వచ్చాక కొనేది. చవక గదులన్నీ అప్పటికి నిండి ఉంటాయి. కళ్ళలో నీళ్ళతో ఉన్న మనిషి చివరి తెరమీద ఏముందో చదవడు. మా సంఘంలో ఒక కుటుంబం అలాంటి రాత్రి ఒక ఏజెంటుకు నలుగురి టికెట్లకు కట్టిన డబ్బులో మూడో వంతు అతని కమిషనేనని దినకర్మ అయ్యాక తెలిసింది. తండ్రి ముఖం చూడటానికి వెళ్ళే కొడుకు బేరమాడడు. అది తెలిసే అడుగుతారు.

అందుకని అన్ని ఊళ్ళ సంఘాలకూ మా మనవి మూడు పనులు. ఒకటి: ప్రతి సంఘంలో ఇద్దరు కుర్రవాళ్ళు లేదా అమ్మాయిలు, ఏ వేళ ఫోను చేసినా టికెట్ చూసిపెట్టే బాధ్యత తీసుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళు తెర ముందు కూర్చోకూడదు. రెండు: ప్రతి సంఘం తన దారుల పట్టిక ఒక పేజీ రాసుకోవాలి. మన ఊరి నుంచి ఏయే ఎయిర్‌పోర్టులు ఎంత దూరం, ఏ వేళ ఫ్లైట్లు, రాత్రి రైలు ఏది, బస్సు ఏది. కొన్నిసార్లు మరునాడు మధ్యాహ్నం ఫ్లైట్ కంటే ఇప్పుడే బయల్దేరే బస్సు ముందు చేరుస్తుంది. మూడు: పార్థివ దేహాన్ని ఊరికి తీసుకెళ్ళాల్సి వస్తే, విమానంలో అది కార్గోగా వెళ్తుంది. డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, పోలీసుల ఎన్ఓసీ, పెట్టె కావాలి. ఈ కాగితాలు ఎక్కడ దొరుకుతాయో ఆ ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి.

ఈ తొంభై ఏళ్ళలో కంపెనీలు మారాయి, ఎయిర్‌పోర్టులు జరిగాయి, టికెట్ కాగితం నుంచి ఫోనులోకి వచ్చింది. ఊరి నుంచి కబురొస్తే బయల్దేరాలన్న మన పద్ధతి మాత్రం మారలేదు. ఆ బయల్దేరడం తొందరగా, డబ్బు పోకుండా జరగాలన్నదే మా కోరిక. మీ మీ ఊళ్ళ దారుల పట్టికలు తయారయ్యాక సంఘాలు ఒకరికొకరు పంపుకుందాం. బరంపురం పట్టిక ముంబయిలో ఉన్న బరంపురం అల్లుడికి ఏ అర్ధరాత్రి అవసరమవుతుందో ఎవరికి తెలుసు.